కోపాన్ని తెలుసుకోవడానికి ఆన్‌లైన్ ప్రశ్నావళా, నోటు పుస్తకమా?

నేను ఎవరిమీదా అరవను కాబట్టి నాకు కోపం తక్కువేనని చాలాకాలం నమ్మాను. ఆ నమ్మకాన్ని చెదరగొట్టింది ఫోనులో పది నిమిషాల్లో నింపిన ఒక ప్రశ్నావళి. ‘లోలోపల ఉడికిపోతారా?’ అన్న ప్రశ్న దగ్గర నా వేలు ఆగిపోయింది.

కోపాన్ని కొలవడానికి మనస్తత్వవేత్త చార్లెస్ స్పీల్‌బర్గర్ రూపొందించిన ప్రశ్నావళిలో, 1999 నాటి రూపంలో, 57 అంశాలున్నాయి. ఈ క్షణంలో కలిగే కోపం, స్వభావంగా స్థిరపడిన కోపం వేరని అది గుర్తిస్తుంది. వెళ్లగక్కడాన్నీ అణచుకోవడాన్నీ విడివిడిగా కొలుస్తుంది. ఆన్‌లైన్‌లో ఏది నింపినా ఈ తేడాలు అడిగేదాన్నే ఎంచుకోండి. ‘మీరు అగ్నిపర్వతమా?’ తరహావి వదిలేయండి. ప్రశ్నావళి మంచిదైనా, జవాబులు ఆనాటి మనఃస్థితిని బట్టి మారతాయి. వచ్చే అంకె రోగ నిర్ధారణ కాదు.

కోపం వచ్చినప్పుడల్లా రాసుకునే నోటు పుస్తకం నెమ్మది. నా పుస్తకంలో ఒక పేజీ: ‘బుధవారం, సాయంత్రం ఆరు, లీలామహల్ కూడలి. వెనుక ఆటో హారన్ ఆపలేదు. దవడ బిగిసింది. మధ్యాహ్నం భోజనం లేదు.’ మూడు వారాలు రాశాక వెనక్కి తిప్పితే, ఆ చివరి మాటే పదేపదే కనిపించింది. ఏ ప్రశ్నావళీ నన్ను అన్నం తిన్నావా అని అడగలేదు.

ఒక్కటే ఎంచుకోవాలంటే నేను పుస్తకాన్నే ఎంచుకుంటాను. నాలాగా మౌనంగా మండేవారు మాత్రం ప్రశ్నావళితో మొదలుపెట్టడం మేలు. ఇంట్లో వాళ్లు మీ కోపానికి భయపడుతుంటే రెండూ పక్కనపెట్టి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోను చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.