మీ బ్యాచ్‌లో ఎంతమందో చెప్పండి, ఏ షూటర్ ఆడాలో చెబుతా

షూటర్ గేమ్ ఏది బాగుంటుందని ఎవరు అడిగినా జనం గ్రాఫిక్స్ కార్డు, ఫ్రేమ్ రేటు, పింగ్ (సర్వర్‌తో మాట్లాడటానికి పట్టే టైము) దగ్గర మొదలుపెడతారు. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. రాత్రి పదిన్నరకి మీతో పాటు నికరంగా లాబీలోకి (మ్యాచ్‌కి ముందు అందరూ చేరే చోటికి) వచ్చేవాళ్లు ఎంతమంది? కొన్నేళ్లుగా మా వైజాగ్ బ్యాచ్‌తో ఇద్దరి గేముల దగ్గర్నుంచి వంద మంది లాబీల దాకా ఆడాక నాకు అర్థమైంది ఇదే. గన్నులు, మ్యాపులు నాలుగు రోజుల్లో అలవాటైపోతాయి. జట్టులో ఎంతమంది అన్నదాన్ని బట్టి మాత్రం ఆటే మారిపోతుంది.

మా బ్యాచ్ నలుగురం. ఒకడు గాజువాక, షిఫ్టు డ్యూటీ. ఒకడు ఎంవీపీ కాలనీ. ఒకడు పెందుర్తి, వాళ్ల పాప పడుకుంటేనే వస్తాడు. నేను మద్దిలపాలెం.

చాలామందిలాగే మేమూ పబ్‌జీ మొబైల్‌తో మొదలుపెట్టి, 2020 సెప్టెంబరులో అది నిషేధంలో పడ్డాక, 2021లో దాని ఇండియా వెర్షన్ బీజీఎంఐ రాగానే అందులోకి మారాం. లాబీలో 100 మంది, నలుగురేసి చొప్పున 25 స్క్వాడ్‌లు, చివరిదాకా మిగిలిన స్క్వాడ్‌దే గెలుపు. నలుగురు అన్నది ఈ ఆటకి అతికినట్టు సరిపోయింది. డాసియా కారు దొరికినా, యూఏజెడ్ జీపు దొరికినా నలుగురూ ఎక్కేస్తారు. బగ్గీ దొరికిందా, ఇద్దరికే చోటు, మిగతా ఇద్దరూ జోన్ (అంతకంతకూ కుంచించుకుపోయే సేఫ్ ఏరియా) వెనకాల పరిగెత్తాల్సిందే. ఫైట్‌లో ఒకడు నాక్ అయితే (దెబ్బలు తిని కూలిపోతే) ఒకడు స్మోక్ (పొగ బాంబు) వేసి రివైవ్ చేస్తాడు, అంటే మళ్లీ లేపుతాడు, ఇంకో ఇద్దరు చెరో వైపు కవర్ ఇస్తారు. అదే డ్యూయోలో (ఇద్దరి జట్టులో) అయితే రివైవ్ చేసేవాడి వెనక చూసే దిక్కుండదు. పెందుర్తోడు పాప లేచిందని మధ్యలో ఫోన్ పక్కన పడేసి వెళ్లినా చికెన్ డిన్నర్ కొట్టిన (మ్యాచ్ గెలిచిన) రాత్రులున్నాయి. కొత్తవాణ్ని చేర్చుకుని నేర్పించాలంటే స్క్వాడే నయం.

ఆ వెసులుబాటే లోపం కూడా. ముగ్గురు ప్రాణాలు పెట్టి ఆడుతుంటే నాలుగోవాడు ఇల్లిల్లూ తిరిగి లూట్ చేసుకుంటూ ఉంటాడు. ర్యాంకు మాత్రం వాడికీ పెరుగుతుంది.

ఇక్కడో చిన్న తేడా చెప్పాలి. అదే బీజీఎంఐలో వేర్‌హౌస్ టీడీఎం (టీమ్ డెత్‌మ్యాచ్) కూడా నలుగురు వర్సెస్ నలుగురే, ముందు 40 కిల్స్ చేసినవాళ్లు గెలుస్తారు. కానీ అక్కడ జట్టు ఆట అనిపించదు. చచ్చినవాడు వెంటనే లేచి వచ్చేస్తుంటే ఎవడు ఉన్నాడు, ఎవడు పోయాడు అన్న లెక్క ఎవరికి పడుతుంది? చస్తే రౌండ్ అయ్యేదాకా చూస్తూ కూర్చోవాల్సిన ఆటల్లోనే ఈ లెక్క మనల్ని సతాయిస్తుంది.

ఆ సతాయింపు వాలరెంట్‌లో పూర్తిగా చూశాం. 2020 జూన్‌లో వచ్చిన ఈ గేమ్ ఫైవ్ వర్సెస్ ఫైవ్. ముంబై సర్వర్ ఉంది కాబట్టి వైజాగ్ నుంచి ఆడటానికి ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా మేం నలుగురం కావడమే. ర్యాంక్‌డ్‌లో (ర్యాంకు లెక్కకొచ్చే మ్యాచుల్లో) ఒక్కరుగా, ఇద్దరుగా, ముగ్గురుగా, లేదా ఐదుగురుగా వెళ్లొచ్చు. నలుగురుగా కుదరదు. మొదట్లో ఒళ్లు మండింది. ఆలోచిస్తే న్యాయమే అనిపించింది. నలుగురు దోస్తుల మధ్య ముక్కూమొహం తెలియని ఐదోవాడు పడితే వాడి గతేంటి? వాడి మాట ఎవరూ వినరు, ఓడితే తప్పంతా వాడిదే. అలాంటి ఐదోవాడిగా మామూలు మ్యాచుల్లో నేను చాలాసార్లు ఇరుక్కున్నాను, అందుకే ఈ నియమాన్ని నేను సమర్థిస్తాను. మాకు మాత్రం ఒకడు బయట కూర్చోవాలి, లేదంటే ఐదోవాణ్ని వెతకాలి. చివరికి గాజువాకోడి కజిన్ ఒకడు దొరికాడు. డిగ్రీ కుర్రాడు, మా అందరికంటే బాగా ఆడతాడు.

ఐదోవాడు వచ్చాక పెరిగింది ఒక్క గన్నే కాదు. ఇద్దరుంటే మాట్లాడుకునే జత ఒకటే. ముగ్గురికి మూడు, నలుగురికి ఆరు, ఐదుగురికి పది. మైకులో తేడా వెంటనే తెలుస్తుంది. ఒక రాత్రి అసెంట్ మ్యాప్‌లో 'A' సైట్‌లో అవతలి జట్టు స్పైక్ (బాంబు) పెట్టేసింది. పేలడానికి 45 సెకన్లు, డిఫ్యూజ్‌కి (దాన్ని ఆపడానికి) 7 సెకన్లు, సగం చేసి వదిలితే ఆ సగం పోదు. గాజువాకోడు ఒక్కడే మిగిలాడు, అవతల ఒక్కడు. చచ్చిపోయిన మేం నలుగురం ఆ మ్యాప్‌లో చోట్ల పేర్లు అరుస్తూ ఫిషింగ్ హార్బర్‌లో వేలం పాటలా మొదలెట్టాం. "ట్రీలో ఉన్నాడు!" "కాదు, హెవెన్!" "హాఫ్ కొట్టి లెగిసిపో!" "లెగొద్దెహే, అంటుకుపో!" వాడు హాఫ్ అయ్యాక ఆగి, "నోర్లు ముయ్యండ్రా బాబూ, అడుగుల చప్పుడు ఇనబడ్డం లేదు" అన్నాడు. ఆ మాట పూర్తయ్యేలోపే జనరేటర్ వెనకనుంచి వచ్చి కాల్చేశాడు అవతలోడు.

అప్పట్నుంచి మాకో పద్ధతి ఉంది. చచ్చినవాడు చెప్పాల్సింది తనని ఎక్కడ్నుంచి కొట్టారు, తాను ఎంత డ్యామేజ్ ఇచ్చాడు, అంతే. ఆ తర్వాత మ్యూట్. ప్లాన్ చెప్పేది కజిన్ ఒక్కడే. వయసులో చిన్నాడి మాట వినడం ఎంవీపీ వాడికి ఇప్పటికీ మింగుడు పడదు, అది వేరే సంగతి. రౌండ్‌రౌండ్‌కీ గేమ్ ఇచ్చే డబ్బుతోనే గన్నులు కొనాలి, కాబట్టి డబ్బు లేని రౌండ్‌లో ఐదుగురూ కలిసి కొనకుండా సేవ్ చేయాలి. ఒకడు మొండికేసి గన్ను కొన్నా తర్వాతి రౌండ్ లెక్క తప్పుతుంది. స్మోక్‌లు వేసే పని ఎవడికీ ఇష్టం ఉండదు, అందరికీ డ్యూయలిస్టే (ముందు దూకి కాల్చే పాత్రే) కావాలి. ఐదుగురి ఆటలో సగం టెన్షన్ మ్యాచ్ మొదలవ్వకముందే, ఈ పంపకాల దగ్గరే.

పెందుర్తోడు రాని రోజుల్లో అపెక్స్ లెజెండ్స్. ముగ్గురేసి 20 స్క్వాడ్‌లు, మొత్తం 60 మంది. నా లెక్కలో ముగ్గురి జట్టంత కఠినమైనది ఇంకోటి లేదు. ఐదుగురిలో ఒకడు పోయినా నలుగురు మిగులుతారు, ఆట ఇంకా ఉంటుంది. ముగ్గురిలో ఒకడు నాక్ అయితే మూడో వంతు బలం పోయినట్టే, ఎదుటి స్క్వాడ్ ఆ క్షణమే మీదకి దూకుతుంది. ఆ గొడవ తేలేలోపు తుపాకుల చప్పుడు విని ఇంకో స్క్వాడ్ దిగుతుంది. దాక్కోవడానికి చోటుండదు, ఎవడు సరిగ్గా ఆడలేదో రెండు నిమిషాల్లో బయటపడుతుంది. కానీ మైకు మాత్రం ప్రశాంతంగా ఉంటుంది. కెప్టెన్ అక్కర్లేదు.

ఇద్దరికైతే కౌంటర్ స్ట్రైక్‌లో వింగ్‌మ్యాన్ మోడ్. చిన్న మ్యాప్, ఒకే బాంబ్ సైట్, ముందు 9 రౌండ్లు గెలిచినవాళ్లదే మ్యాచ్. డ్యూటీ దిగి వచ్చిన గాజువాకోడికీ నాకూ ఇది భోజనానికి ముందు అయిపోతుంది. ఎయిమ్ (గురి) బాగుపడాలంటే ఇంతకంటే మందు లేదు. అయితే స్ట్రాటజీ నేర్చుకుందామని వస్తే ఖాళీ చేతులే.

ఓవర్‌వాచ్ మాకు పెద్దగా పట్టలేదు గానీ, ఈ విషయంలో దాని కథ చెప్పుకోదగ్గది. 2016లో ఆరుగురి జట్టుతో వచ్చి, 2022లో ఓవర్‌వాచ్ 2 అయ్యేసరికి ఒక ట్యాంక్‌ని (ముందు నిలబడి జట్టుకి వచ్చే దెబ్బలు కాసేవాణ్ని) తీసేసి ఐదుగురిని చేశారు. ఆట వేగం పెరిగింది. మిగిలిన ఒక్క ట్యాంక్ మీద భారం కూడా పెరిగింది, వాడు తడబడితే జట్టంతా మునుగుతుంది. 2024 చివర్లో ఆరుగురి మోడ్‌ని మళ్లీ పరీక్షకి పెట్టారంటే ఆ ఒక్కడి లోటు ఎంత తెలిసిందో చూడండి. కాల్ ఆఫ్ డ్యూటీ లీగ్ కూడా 2020లో ఐదుగురితో ఆడించి, మరుసటి ఏడాది నలుగురికి దిగింది. బ్యాటిల్‌ఫీల్డ్ 2042లో 128 మంది ఉన్నా మనం మాట్లాడేది మన స్క్వాడ్‌లో నలుగురితోనే. మిగతావాళ్లంతా జాతరలో జనం.

ఇప్పుడు మామూలు రోజుల్లో మాది బీజీఎంఐ, ఆదివారం కజిన్ ఖాళీగా ఉంటే వాలరెంట్. ఆరోజు ద్వారకానగర్‌లో ఒక కెఫేకి వెళ్తాం. అక్కడికి వెళ్లేవాళ్లకి ఒక మాట: ఐదుగురూ పక్కపక్కనే కూర్చోకండి. పక్కవాడి అరుపు హెడ్‌సెట్‌లోంచి ఒకసారి, గాల్లోంచి ఒకసారి వినిపించి శత్రువు అడుగులు మింగేస్తుంది. ఎక్కువ అరిచేవాణ్ని వరస చివర కూర్చోబెట్టండి. మా ఎంవీపీ వాడి సీటు ఎప్పుడూ అదే.