మార్వారీ గుర్రంతో తొమ్మిదేళ్లు

తొమ్మిదేళ్లుగా ఒకే మార్వారీ మీద స్వారీ చేస్తున్నాను. ఆడ గుర్రం, ఎత్తు 14.3 హ్యాండ్స్ (ఒక హ్యాండ్ నాలుగు అంగుళాలు, ఇది 14 హ్యాండ్స్ మీద మూడు అంగుళాలు), అంటే మూపు దగ్గర 59 అంగుళాలు.

ఈ జాతి అనగానే అందరూ చెవుల గురించే మాట్లాడతారు. లోపలికి వంకీ తిరిగి, కొనలు దాదాపు ఒకదానికొకటి తగులుతుంటాయి. ఫోటోల్లో తెలియనిది ఏంటంటే, అవి 180 డిగ్రీల దాకా తిరుగుతాయి. మామూలుగా వెళ్తున్నప్పుడు మాదానికి ఒక చెవి దారి వైపు ఉంటుంది, ఇంకోటి నా వైపు ఉంటుంది. నా వైపున్నది కూడా ముందుకి తిరిగిపోయిందంటే ఇక నా మాట దాని తలకెక్కడం లేదని అర్థం, అప్పుడు పగ్గాలు బిగిస్తే ఇంకా బెదిరిపోతుంది, మెల్లగా మాట్లాడుతూ ఉంటే కాసేపటికి ఆ చెవి వెనక్కి వస్తుంది. ఇది తెలియడానికి నాకు ఏడాది పట్టింది.

రాజస్థాన్‌లోని మార్వాడ్‌ని ఏలిన రాఠోడ్ రాజులు యుద్ధాల కోసం పెంచిన జాతి ఇది. ఆ చురుకు, ఆ ఉడుకు ఇప్పటికీ పోలేదు. బ్రిటిష్ వాళ్లు థరోబ్రెడ్‌ల (ఇంగ్లండ్ పందెం గుర్రాల) వైపే మొగ్గడంతో వీటి గతి దిగజారింది, జోధ్‌పూర్ మహారాజా ఉమైద్ సింగ్ పూనుకోకపోతే ఈపాటికి కనుమరుగయ్యేవేమో. ఆయన మీద నాకు నిజంగా కృతజ్ఞత ఉంది.

అన్నిటికంటే నాకు నచ్చింది రేవాల్ నడక. ట్రాట్ అనే జోరు నడకలో లాగా ఎగిరెగిరి పడటం ఉండదు, ఒక పక్క రెండు కాళ్లూ ఒకదాని వెంట ఒకటి పడుతూ నున్నగా సాగిపోతుంది, గంటల తరబడి కూర్చున్నా నడుము పట్టేయదు. అన్ని మార్వారీలకూ ఈ నడక రాదు. కొనేముందు ఎక్కి చూసుకోండి. పంచకళ్యాణి (నాలుగు కాళ్లూ, ముఖమూ తెలుపు) అని, మెడ మీద అదృష్టమని నమ్మే దేవ్‌మన్ సుడి ఉందని రేటు పెంచుతారు, మాదానికి ఒక్క వెనక కాలే తెలుపు, దానివల్ల నాకు ఏ లోటూ రాలేదు.

మొదటిసారి గుర్రం ఎక్కేవాళ్లకి మాత్రం ఇది వద్దు. నాకు అమ్మినాయన చిన్నపిల్లలు కూడా ఎక్కొచ్చన్నాడు, అది పచ్చి అబద్ధం.

జీను విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. వీటి మూపు బాగా ఎత్తుగా, సన్నగా ఉంటుంది. నేను మొదట్లో వేరే గుర్రానికి వాడిన వెడల్పాటి జీను వేశాను, అది కిందికి దిగి సరిగ్గా మూపు ఎముక మీద ఒరుసుకుంది. రెండో వారానికల్లా అరచేయంత పుండు. మానడానికి రెండు నెలలు పట్టింది, అన్నాళ్లూ ఎక్కలేదు, పక్కన నడిపించుకుంటూ తిరిగాను. ఇప్పుడు ఆ చోట తెల్ల వెంట్రుకలు మొలిచాయి. కొత్త జీను సరిగ్గా అమరినా సరే, బిగించే ముందు మూపుకీ జీనుకీ మధ్య మూడు వేళ్లు దూరతాయో లేదో రోజూ పెట్టి చూస్తాను. అంతసేపూ ఒక చెవి నా వైపే ఉంటుంది.