కూతలకు ఈ యాప్ మంచిదే, ఆడపక్షుల విషయంలో నమ్మకండి

ఏడాదిగా ఈ పక్షుల యాప్ వాడుతున్నాను. కూతల రికార్డింగులు చాలా బాగున్నాయి, ఇంటర్నెట్ లేని చోట కూడా పనిచేస్తుంది. అయినా ఐదుకు మూడు నక్షత్రాలే ఇస్తున్నాను.

మొన్న తెల్లవారుతుండగా మడుగు ఒడ్డున, తుంగ మొదళ్ల దగ్గర పెయింటెడ్ స్నైప్ అనే నీటి ఒడ్డు పక్షి ఒకటి కనిపించింది. మెడంతా ముదురు ఇటుక రంగు. కంటి చుట్టూ సున్నంతో దిద్దినట్టు తెల్లటి పట్టీ, అది కంటి వెనక్కి తోకలా సాగింది. ఫొటో పెడితే యాప్ ‘మగది’ అంది. ఈ జాతిలో సింగారమంతా ఆడదానిదే! గుడ్లు పొదిగేది, పిల్లలను సాకేది వెలిసిన రంగు మగపక్షి. తప్పు దిద్దమని రాసి నెల దాటింది, ఇంకా అలాగే ఉంది.

ఎక్లెక్టస్ చిలుక పేజీ చూస్తే నిజంగా బాధ కలిగింది. ఆకుపచ్చ మగచిలుక తెరంతా పరుచుకుంది. ఎరుపు, నీలం కలిసిన ఆడచిలుకది గోరంత బొమ్మ. ఈ రెండూ వేర్వేరు జాతులని శాస్త్రజ్ఞులే ఒకప్పుడు పొరబడ్డారు. గూటికి పనికొచ్చే చెట్టు తొర్రలు అరుదు. దొరికిన తొర్రను ఆడచిలుక నెలల తరబడి వదలదు, దాని కోసం తోటి ఆడచిలుకలతో పోరాడుతుంది. తొర్ర వాకిట్లో కూర్చుంటే ఆ ఎరుపు దూరానికే కనబడి, ఈ తొర్ర ఖాళీ లేదన్నట్టు మిగతావాటిని హెచ్చరిస్తుంది. ఇందులో ఒక్క ముక్కా యాప్‌లో లేదు.

ఆడపక్షుల అలంకారం మగవాటి నుంచి వారసత్వంగా అంటుకొచ్చిందే అన్న వివరణ మాత్రం ఉంది. 1871లో డార్విన్ చాలావరకు అలాగే అనుకున్నాడు. కానీ 1993లో క్రెస్టెడ్ ఆక్‌లెట్ అనే సముద్రపక్షికి తలపై పొడవాటి ఈకల జుట్టున్న నమూనా బొమ్మలు చూపిస్తే, ఆడవే కాదు, మగవి కూడా వాటివైపే మొగ్గాయి. అంటే మగపక్షీ సింగారం చూసి జోడును ఎంచుకుంటుంది.

తెల్లమెడ జాకోబిన్ హమ్మింగ్‌బర్డ్‌లలో ఐదు ఆడవాటిలో సుమారు ఒకటి పెద్దయ్యాక కూడా మగ రంగులే నిలుపుకుంటుంది. అలాంటివాటిని తోటి పక్షులు తక్కువగా తరుముతాయి, తేనె తాగడానికి ఎక్కువ సమయం చిక్కుతుంది. యాప్ వాటినీ మగవాటి కిందే రాసుకుంటుంది.

కూతలు నేర్చుకోవాలనుకుంటే తప్పక పెట్టుకోండి. ఆడా మగా అన్న గడి మాత్రం ఖాళీగా వదిలి, చూసింది చూసినట్టు నోట్‌బుక్‌లో రాసుకోండి.