మశూచి అంటించుకోవడమా, ఆవు టీకానా: ఏది మేలు?

టీకా చరిత్ర అనగానే మనకు ఎడ్వర్డ్ జెన్నర్ ఒక్కడే గుర్తొస్తాడు. కానీ అతను రంగంలోకి దిగేనాటికే మశూచిని అడ్డుకునే పద్ధతి ఒకటి చైనాలో, బెంగాల్‌లో, టర్కీలో, ఆఫ్రికాలో నడుస్తూనే ఉంది. అంతెందుకు, చిన్నప్పుడు జెన్నర్‌కు వేసిందీ ఆ పాత టీకానే. కాబట్టి 1800 ప్రాంతంలో పిల్లలున్న ఇంట్లో టీకా వేయించాలా వద్దా అన్నదే కాదు, ఏ టీకా వేయించాలన్నది కూడా పెద్ద టెన్షనే. నా ఓటు జెన్నర్ తెచ్చిన కొత్తదానికే, అంటే ఆవు టీకాకే. అయితే అందరూ చెప్పే కారణానికి మాత్రం కాదు.

పాత పద్ధతి అంటే మశూచి వచ్చిన మనిషి పొక్కుల్లోని చీమునో, ఎండిన చెక్కునో తీసి, ఒంట్లో బాగున్నవాడికి కావాలనే అంటించడం. చైనాలో చెక్కుల పొడిని ముక్కులోకి ఊదేవారు. మగపిల్లలకు కుడి ముక్కు, ఆడపిల్లలకు ఎడమ ముక్కు. బెంగాల్‌లో జరిగే తీరును ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన హాల్వెల్ 1767లో లండన్ వైద్యుల కోసం పూసగుచ్చినట్టు రాశాడు. కాశీ, అలహాబాదు, బృందావనం వైపు నుంచి బ్రాహ్మణ టీకాదారులు ఫిబ్రవరి, మార్చి నెలల్లో, అంటే మశూచి కాలం మొదలవకముందే దిగేవారు. వేయాల్సిన చోట పొడిగుడ్డతో ఎనిమిది పది నిమిషాలు రుద్దేవారు. తర్వాత చర్మం మీద నెత్తురు చెమ్మ కనిపించేంత వరకే చిన్న చిన్న గాట్లు పెట్టేవారు. మడిచిన గుడ్డలోంచి చీము పట్టిన దూది తీసి, రెండు మూడు చుక్కల గంగాజలంతో తడిపి, ఆ గాట్ల మీద పెట్టి కట్టు కట్టేవారు. నెల రోజులు చేప, పాలు, నెయ్యి ముట్టకూడదు.

ఇందులో నన్ను ఆపేసిన సంగతి ఒకటుంది. ఆ దూదిలో ఉన్నది గత ఏడాది చీము. అప్పుడే జబ్బుపడ్డ మనిషి నుంచి తీసింది వాడేవారు కాదు. నిల్వ ఉన్నకొద్దీ అందులో వైరస్ బలం తగ్గుతుందని ఇవాళ మనం చెప్పుకోవచ్చు. వైరస్ అన్న ఊహే లేని రోజుల్లో వాళ్లు అనుభవంతో ఆ పద్ధతికి వచ్చారు. దీన్ని మూఢనమ్మకం కింద కొట్టిపారేసేవాళ్లు ఈ ఒక్క వివరం చూస్తే చాలు.

ఫలితాల మాటకొస్తే, 1721లో బోస్టన్‌లో మశూచి విరుచుకుపడింది. ఆఫ్రికా నుంచి బానిసగా తెచ్చిన ఒనెసిమస్ అనే మనిషి తమ దేశంలో ఈ టీకా ఎలా వేస్తారో మత బోధకుడు కాటన్ మాథర్‌కు అప్పటికే చెప్పి ఉన్నాడు. ఆ మాట పట్టుకుని బాయిల్‌స్టన్ అనే వైద్యుడు 240 మందికి పైగా టీకా వేశాడు. వాళ్లలో ఆరుగురు పోయారు. మామూలుగా జబ్బు సోకిన దాదాపు 6 వేల మందిలో 844 మంది పోయారు. అంటే నూటికి రెండు ఒకవైపు, నూటికి పద్నాలుగు ఇంకోవైపు. అయినా ఊరివాళ్ల కోపం ఎంతలా ఉందంటే, మాథర్ ఇంట్లోకి బాంబు విసిరారు.

ఆ కోపం ఉత్త మూర్ఖత్వమేమీ కాదు. 1760లో గణితవేత్త డేనియల్ బెర్నూలీ లెక్క కట్టి, అందరూ ఈ టీకా వేయించుకుంటే సగటు ఆయువు మూడేళ్లు పెరుగుతుందని తేల్చాడు. దాలంబేర్ అనే ఇంకో గణితవేత్త దానికి అడ్డు తగిలాడు. మశూచి ముప్పు జీవితమంతా పరుచుకుని ఉంటుంది, టీకా ముప్పు మాత్రం ఈ నెల్లోనే మీద పడుతుంది, ఈ రెంటినీ ఒకే కాటాలో ఎలా తూస్తారన్నాడు. తల్లి భయం సరిగ్గా అదే కదా. బెంజమిన్ ఫ్రాంక్లిన్ నాలుగేళ్ల కొడుకు టీకా పడకుండానే 1736లో మశూచితో చనిపోయాడు. వేయించినా వేయించకపోయినా బిడ్డ పోతే మిగిలే బాధ ఒకటే, కాబట్టి ముప్పు తక్కువున్నదే ఎంచుకోవాలని ఆయన తర్వాత రాసుకున్నాడు. దాలంబేర్‌కు ఇంతకంటే మంచి జవాబు నాకు కనిపించలేదు.

ఇక కొత్త పద్ధతి. ఆవుల పొదుగు మీద లేచే పొక్కులు పాలు పితికేవాళ్ల చేతులకు అంటుకుంటే, వాళ్లకిక మశూచి రాదని ఇంగ్లండ్ పల్లెల్లో చెప్పుకునేవారు. 1774లో బెంజమిన్ జెస్టీ అనే రైతు మేజోళ్లు అల్లే సూదితో ఆవు పొక్కుల రసిని భార్యకు, ఇద్దరు కొడుకులకు ఎక్కించాడు. ఇరుగుపొరుగు ఛీకొట్టారు. జెన్నర్ వంతు 1796 మే 14న వచ్చింది. పాలమ్మాయి సారా నెల్మ్స్ చేతి పొక్కులోంచి తీసిన రసిని తోటమాలి కొడుకు, ఎనిమిదేళ్ల జేమ్స్ ఫిప్స్ చేతికి గాటు పెట్టి వేశాడు. జులై 1న అదే పిల్లాడికి పాత పద్ధతిలో అసలు మశూచి అంటించాడు. ఏమీ కాలేదు. కొత్త టీకాకు పరీక్ష పెట్టింది పాత టీకానే అన్నమాట. తన దగ్గర పనిచేసేవాడి పిల్లాడి మీద ఇలాంటి ప్రయోగం ఇవాళైతే ఏ కమిటీ ఒప్పుకోదు, అది వేరే సంగతి.

కొత్తది వేయించుకున్నవాళ్లలో ప్రాణం పోవడం చాలా అరుదు. అందరూ చెప్పేది ఇదే. నాకు అంతకంటే ముఖ్యమైనది వేరే ఉంది. పాత టీకా వేయించుకున్నవాడికి వచ్చేది నిజమైన మశూచే, కాకపోతే తేలిగ్గా వస్తుంది. అతని నుంచి పక్కింటివాడికి అంటుకుంటే మాత్రం తేలిగ్గా రానక్కర్లేదు. డబ్బున్నవాడు పిల్లల్ని వేరే ఇంట్లో ఉంచి కాపాడుకుంటాడు. ఒకే గదిలో పదిమంది ఉండే ఇంట్లో అది కుదిరే పనా? ఆవు టీకా వేయించుకున్నవాడు మాత్రం ఎవరికీ మశూచి అంటించడు. పాతది మన బిడ్డను కాపాడి ముప్పును వీధిలోకి వదిలేది. కొత్తదానితో ఆ గొడవ లేదు.

అలాగని పాతదానికి పైచేయి లేదనుకోకండి. అది ఒకసారి పడితే దాదాపు జీవితాంతం రక్షణే. ఆవు టీకా కూడా అంతేనని జెన్నర్ నమ్మాడు కానీ ఏళ్లు గడిచేకొద్దీ దాని బలం తగ్గుతుందని తేలింది. 1834లో జర్మన్ రాజ్యమైన ప్రష్యా సైన్యం రెండోసారి టీకా తప్పనిసరి చేసింది.

అసలు చిక్కు సరఫరా. మశూచి ఎక్కడైనా దొరుకుతుంది, ఆవు పొక్కులు అన్ని చోట్లా దొరకవు. దాంతో ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి ఎక్కిస్తూ పోయారు. 1803లో స్పెయిన్ నుంచి బయల్దేరిన బాల్మిస్ అనే వైద్యుడి ఓడలో 22 మంది అనాథ పిల్లల్ని ఎక్కించి, దారి పొడవునా వరసగా వాళ్లకు వేస్తూ టీకాను అట్లాంటిక్ దాటించారు. మన దేశానికి బాగ్దాద్, బస్రా మీదుగా వచ్చి, 1802 జూన్ 14న బొంబాయిలో మూడేళ్ల ఆనా డస్ట్‌హాల్ చేతిలో మొదటిసారి పట్టింది. ఈ పద్ధతిలో వేరే రోగాలూ పాకాయి. ఇటలీలోని రివాల్టాలో 1861లో నలభైకి పైగా పిల్లలకు టీకాతోపాటు సిఫిలిస్ అంటింది. మన దగ్గర ఎవరి పిల్లల చేతి రసి ఎవరికన్న కులపు పట్టింపు కూడా తోడైంది. దూడల చర్మం మీద టీకా రసిని పెంచడం మొదలయ్యాకే ఈ గోల తగ్గింది. తెలుగు జిల్లాలు కూడా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీకి ఆ రసి తయారుచేసే కేంద్రం గిండీలో 1899లో వెలిసింది. ఇప్పటి కింగ్ ఇన్‌స్టిట్యూట్ అదే.

కాబట్టి 1721 బోస్టన్‌లో ఉంటే కళ్లు మూసుకుని పాతదే వేయించుకోవాలి. 1810లో లండన్‌లో ఉంటే కొత్తదే. చిక్కంతా కొత్తది ఇంకా చేరని ఊళ్లతోనే. పక్క వీధిలో అమ్మవారు పోసి ఉండగా, ఎప్పుడొస్తుందో తెలియని ఆవు టీకా కోసం కూర్చోమనడం న్యాయం కాదు. ఇంగ్లండ్ 1840లో పాత టీకాను నిషేధించింది, కలకత్తాలో 1865లో నిషేధించారు. బెంగాల్ పల్లెల్లో మాత్రం చట్టం కంటే టీకాదారుల్ని కలుపుకోవడమే ఎక్కువ పనిచేసి ఉంటుందని నా ఉద్దేశం. వాళ్లలో చాలామందిని తర్వాత ప్రభుత్వమే కొత్త టీకా వేసే పనిలో పెట్టుకుంది. ఏ ఇంట్లో ఎంతమంది పిల్లలో, ఏ నెలలో తలుపు తట్టాలో వాళ్లకు తెలిసినంతగా ఏ దొరకూ తెలియదు మరి.