హారన్ మోగకపోతే స్టీరింగ్ కింద చూడండి: 1972 షెవర్లే పికప్‌తో ఆరేళ్లు

నేను మెకానిక్‌ని కాదు, ముందే చెప్పేస్తున్నా. డాలస్ దగ్గర సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శని ఆదివారాలు గరాజ్‌లో బండి కింద. బండి 1972 షెవర్లే సి10, 350 క్యూబిక్ అంగుళాల, ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజిన్, ఆటోమేటిక్ గేర్లు, పవర్ స్టీరింగ్. 2019లో డెంటన్ అవతల ఒక రైతు దగ్గర 6,500 డాలర్లకు కొన్నాను. ఇంజిన్ బంగారం. ఇంటికి తెచ్చేలోపే మిగతా జబ్బులన్నీ తెలిసిపోయాయి. స్టీరింగ్ వీలు అటు రెండంగుళాలు ఇటు రెండంగుళాలు తిప్పినా చక్రాలకు కబురే అందదు, ఇండికేటర్ వేస్తే దానితోపాటు డ్యాష్‌లో లైట్లన్నీ కొట్టుకుంటాయి, ఎండలో కాసేపు తిరిగి ఆపితే సెల్ఫ్ మూలుగుతుంది తప్ప తిరగదు. అప్పటి నుంచి 21,000 మైళ్లు తిరిగాను కాబట్టి ఏ సామాను నిలబడింది, ఏది నా డబ్బు తినేసింది అన్నది ఇప్పుడు ధైర్యంగా రాయగలను.

నా పెద్ద తప్పు స్టీరింగ్ బాక్స్, అంటే వీల్ తిప్పుడుని చక్రాలకు అందించే గేర్ల పెట్టె. ఆట, అంటే వీల్ ఊరికే తిరిగే వదులు, ఎక్కువగా ఉందనగానే బాక్స్ పోయిందని తీర్మానించేసుకుని ఒక పార్టుల దుకాణంలో రీబిల్ట్ బాక్స్ (పాతదాన్నే బాగుచేసి అమ్మేది) 260 డాలర్లకు తెచ్చాను, పైన 90 డాలర్ల కోర్ డిపాజిట్. అంటే మన పాత బాక్స్ తిరిగిస్తే ఆ 90 వెనక్కి ఇస్తారు. బాక్స్ కింద ఉండి చక్రాల రాడ్లను ఆడించే పిట్‌మన్ ఆర్మ్ ఊడదీయడానికే ఒక ఆదివారం పోయింది. దానికి పుల్లర్ అనే లాగి ఊడదీసే పనిముట్టు కావాలి, సుత్తితో కొడితే ఆ దెబ్బ లోపలి బేరింగులకు తగులుతుంది. మొత్తానికి మార్చాను, పాత బాక్స్ ఇచ్చేసి 90 డాలర్లు జేబులో వేసుకుని సంబరపడ్డాను. బండి రోడ్డెక్కిస్తే ఆట కొంచెం తగ్గింది, అంతే. నాలుగంగుళాలు మూడయ్యాయి. ఎనిమిది నెలలకు ఆ కొత్త బాక్స్ కింది సీల్ దగ్గర నూనె కారడం మొదలైంది. వారంటీలో ఇంకోటి ఇచ్చారు కానీ నా ఆదివారాలకు వారంటీ లేదు కదా. యాభై ఏళ్లు కారకుండా పనిచేసిన అసలు కంపెనీ బాక్స్‌ని 90 డాలర్ల కోసం వదిలేసుకున్నానే అని ఇప్పటికీ మండుతుంది. మీ బండిలో పుట్టినప్పటి బాక్స్ ఉంటే డిపాజిట్ పోతే పోయిందనుకుని దాన్ని అటక మీద పెట్టుకోండి, తర్వాత సీళ్లు వేయించుకోవచ్చు.

అసలు దొంగ ఎక్కడ దొరికాడంటే, మా ఆవిడని సీట్లో కూర్చోబెట్టి, ఇంజిన్ ఆపేసి, వీల్ మెల్లగా అటూ ఇటూ ఆడించమని నేను టార్చి లైటుతో కింద పడుకున్నాను. "ఏవండీ, ఇంకా ఎంతసేపు తిప్పాలి, కూర మాడిపోతుంది" అని పైనుంచి కేక. ఆ పది నిమిషాల్లో మూడు వందల డాలర్ల విలువైన విషయం తెలిసింది. స్టీరింగ్ రాడ్ బాక్స్‌ని కలిసే చోట గుండ్రటి రబ్బరు బిళ్ల ఒకటి ఉంటుంది, ఇక్కడ దాన్ని ర్యాగ్ జాయింట్ అంటారు, రబ్బరు గుడ్డ పొరలతో చేసింది. మన భాషలో రబ్బరు కప్లింగ్ అనుకోండి. పై రేకు తిరుగుతోంది, కింది రేకు కాసేపు ఆగి తర్వాత తిరుగుతోంది. నూనె తాగి తాగి రబ్బరు అప్పడంలా చిరిగి ఉంది. అది కాక ఆ రాడ్లను అవతలి వైపు మోసే ఐడ్లర్ ఆర్మ్‌ని చేత్తో పట్టుకుని పైకీ కిందకీ ఊపితే అర అంగుళం ఊగుతోంది. కప్లింగ్ కిట్ 25 డాలర్లు, ఐడ్లర్ ఆర్మ్ 60. ఇవి రెండూ మార్చాక మిగిలిన ఆట ఒక అంగుళం లోపే. బాక్స్ ముట్టుకోకుండా ఇక్కడ మొదలుపెట్టి ఉంటే బాగుండేది.

చక్రాలను తిప్పే రాడ్ల చివరి కీళ్లు, టై రాడ్ ఎండ్లు, నాలుగూ ఒకేసారి మార్చాను, మూగ్ కంపెనీ వాళ్లవి, గ్రీజు నిపుల్ ఉన్నవి. ఆరు నెలలకోసారి గ్రీజు గన్ పెడుతున్నాను, ఈ రోజుకీ ఒక్క దాంట్లో ఆట లేదు. నట్ ఊడకుండా గుచ్చే కాటర్ పిన్ రంధ్రం కలవకపోతే ఇంకాస్త బిగించాలి తప్ప వెనక్కి వదలకూడదు. తెలిసిన విషయమే, అయినా అలసిపోయిన సాయంత్రం చెయ్యి వదులు చేసే వైపే పోతుంది. బాక్స్ పైన ఉండే అడ్జస్టింగ్ స్క్రూ సంగతి కూడా చెప్పాలి. ఆట కనిపించగానే దాన్ని బిగించమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది. నేనూ బిగించాను, పావు తిప్పు ఎక్కువైంది, మలుపు తిరిగాక వీల్ తనంతట తాను వెనక్కి రావడం మానేసింది, హైవే మీద చెమటలు పట్టాయి. వెంటనే వదులు చేశాను. చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు మాత్రమే, అదీ రవ్వంత మాత్రమే ముట్టుకోవాల్సిన స్క్రూ అది.

ఇన్ని చేసినా గంటకు 60 మైళ్ల వేగం దాటితే బండి లైన్లో నిలవక తేలుతున్నట్టే ఉండేది. ఇది సామాను తప్పు కాదు. ఆ కాలంలో అలైన్‌మెంట్ కొలతలు (చక్రాలు ఏ కోణంలో ఉండాలన్నవి) బయాస్ అనే పాత రకం టైర్లకు రాసినవి, ఇప్పుడు వేసేవి రేడియల్ టైర్లు. ముసలి అలైన్‌మెంట్ మేస్త్రీ ఒకాయన పుస్తకం పక్కన పడేసి, చక్రాన్ని పట్టుకునే పై కంట్రోల్ ఆర్మ్ దగ్గర షిమ్ములు (పలుచటి రేకు ముక్కలు) మార్చి, చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణాన్ని, అంటే క్యాస్టర్‌ని, 3 డిగ్రీలకు తెచ్చాడు. ఆ రోజు నుంచి బండి పట్టాల మీద పోతున్నట్టుంది. నేను పెట్టిన ఖర్చులన్నింటిలో గిట్టుబాటైంది ఇదే.

ఇక హారన్. కప్లింగ్ మార్చిన రోజే హారన్ పోయింది, నేనేమో గమనించలేదు. అప్పట్లో టెక్సస్‌లో ఏటా సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఉండేది, 2025 జనవరి నుంచి మామూలు బళ్లకు తీసేశారు. అక్కడ హారన్ నొక్కితే చప్పుడు లేదు, వెనక్కి పంపారు. ఫ్యూజు చూశాను, హారన్‌కి కరెంటు ఇచ్చే స్విచ్ లాంటి రిలే మార్చాను, హారన్‌ని నేరుగా బ్యాటరీకి పెడితే వీధంతా మోగుతోంది. మూడు సాయంత్రాలు పోయాక విజయవాడలో బాబాయికి ఫోన్ చేశాను, ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు ఆటో ఎలక్ట్రీషియన్ పని చేసిన మనిషి. ఈ బండిని ఆయన జన్మలో చూడలేదు. అంతా విని ఒక్కటే అడిగాడు, "బటన్ నొక్కితే ఏ వైరు దేనికి తగులుతుందిరా?" రిలే వైరు స్టీరింగ్ రాడ్‌కి తగులుతుంది బాబాయ్, అన్నాను. "మరి ఆ రాడ్‌కి ఎర్త్ ఎక్కడి నుంచి వస్తుంది?" అన్నాడు. అప్పుడు వెలిగింది. రాడ్‌కి ఎర్త్ బాక్స్ నుంచే రావాలి, మధ్యలో నేను పెట్టిన కొత్త రబ్బరు బిళ్ల. పాతదాంట్లో కరెంటు దాటడానికి లోహపు అల్లిక ఉండేది, నేను కొన్న కిట్‌లో లేదు. జానెడు రాగి అల్లిక పట్టీ ఒకటి రబ్బరుకు అటూ ఇటూ ఉన్న రేకుల్ని కలుపుతూ బోల్టుల కింద బిగించాను. మోగింది. కిట్ కొనేటప్పుడు ఆ పట్టీ ఉందో లేదో చూసుకోండి.

ఆ ఫోన్ తర్వాత మిగతా కరెంటు జబ్బులన్నింటినీ ఎర్త్ వైపు నుంచే చూడటం మొదలుపెట్టాను. సెల్ఫ్ కొట్టి ఇంజిన్ తిప్పుతుండగా బ్యాటరీ నెగటివ్‌కీ ఇంజిన్ బ్లాక్‌కీ మధ్య మల్టీమీటర్ పెడితే 0.9 వోల్టులు చూపించింది, అంటే అంత వోల్టేజి దారిలోనే పోతోంది. ఇంజిన్ నుంచి ఫైర్‌వాల్‌కి (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకు గోడ) వెళ్లే పట్టీ సగం తెగి ఉంది, ఫ్రేమ్ మీద ఎర్త్ బోల్టు పెయింటు మీదే బిగించి ఉంది. గీకి, కొత్త పట్టీలు వేసి, పైన గ్రీజు పూస్తే 0.1కి దిగింది. సెల్ఫ్ మూలుగు, డ్యాష్ లైట్ల డాన్సు రెండూ అక్కడే ఆగాయి. ఖర్చు 18 డాలర్లు.

వైరింగ్ మాత్రం పూర్తిగా మార్చక తప్పలేదు. వెనకటి యజమానులెవరో ట్రైలర్ కోసం వైర్లలోంచి కరెంటు తీసే నీలం క్లిప్పులు గుచ్చి గుచ్చి పెట్టారు, ఒక్కో క్లిప్పు లోపల పచ్చటి చిలుము. 620 డాలర్ల కిట్, ప్రతి వైరు మీదా అది ఎక్కడికి వెళ్తుందో అచ్చువేసి ఉంది, గాజు ఫ్యూజుల బదులు బ్లేడ్ ఫ్యూజులు. ఐదేళ్లలో ఒక్క ఫ్యూజు కూడా పోలేదు. హెడ్‌లైట్లకు రిలేలు విడిగా వేశాను, పాత పద్ధతిలో లైట్ల కరెంటంతా డ్యాష్‌లోని స్విచ్ గుండానే తిరిగి రావాలి, అందుకే కొవ్వొత్తిలా వెలిగేవి. డిమ్ డిప్ స్విచ్ ఇందులో కాలి కింద ఉంటుంది, మన పాత జీపుల్లో లాగా. అది మార్చలేదు, మార్చబుద్ధి కాలేదు.

బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ దగ్గర ఒక తమాషా. పాతదానికి వోల్టేజిని అదుపు చేసే కటౌట్, అంటే రెగ్యులేటర్, విడిగా ఉండేది, నేను 1973 తర్వాతి రకం, లోపలే రెగ్యులేటర్ ఉన్నది పెట్టాను. తాళం తీసేసినా ఇంజిన్ ఆగదు! చేతిలో తాళం, ముందు బండి గుర్రుగుర్రుమంటోంది, పక్కింటాయన చూస్తున్నాడు. ఆల్టర్నేటర్ ఒకటో నంబరు పిన్నుని నేరుగా ఇగ్నిషన్‌కి కలిపాను, అందులోంచి కరెంటు వెనక్కి తన్ని, ప్లగ్గులకు నిప్పురవ్వ ఇచ్చే కాయిల్‌ని బతికిస్తోంది. మధ్యలో కరెంటుని ఒకే వైపు పోనిచ్చే డయోడ్ ఒకటి పెడితే సరిపోయింది. చార్జింగ్ లైటు ఉన్న బళ్లలో ఆ బల్బే అడ్డుపడుతుంది, నా దాంట్లో బల్బు బదులు మీటరు.

బ్రేకు లైటు ఒక వైపు వెలగకపోతే వెంటనే వెనక దీపం విప్పకండి. ఈ బళ్లలో బ్రేకు కరెంటు స్టీరింగ్ కాలమ్‌లోని ఇండికేటర్ స్విచ్ గుండా పోతుంది. నాకు కుడి వైపు పోయింది అక్కడే. కొత్త స్విచ్ 40 డాలర్లు, పని చేస్తోంది గానీ ఎడమకు తిప్పాక ఇండికేటర్ తనంతట ఆగదు, చేత్తో ఆపుకుంటున్నాను. ఈ ఒక్క సామానుకు నా మార్కులు తక్కువే.

ఇంకా మిగిలింది పెట్రోలు మీటరు. ముందు ట్యాంకు ఖాళీగా ఉన్నా ముల్లు ఫుల్ దాటి పోయేది, ట్యాంకులో పెట్రోలు మట్టం కొలిచే సెండర్‌కి ఎర్త్ తెగితే అలాగే చూపిస్తుంది, అది కలిపాను. ఇప్పుడు నిండా కొట్టించినా ముప్పావు దగ్గర ఆగుతుంది. ట్యాంకు సీటు వెనకే క్యాబిన్ లోపల ఉంది, మళ్లీ సీటు ఊడదీయాలి, ఆ సీటు మొన్ననే కొత్తగా కుట్టించాను. ముప్పావు అంటే ఫుల్ అని మా ఆవిడకి చెప్పి ఉంచాను.