పది అడుగుల పొగడ చెట్లని నాకు అమ్మినవి రెండు కట్టెలు: కొనేవారికి హెచ్చరిక

హైదరాబాదులో ఇంటి ముందు నీడ చెట్టు వేసుకోవడానికి ఈ వానాకాలంలో నర్సరీల వెంట తిరుగుతున్నవారు దయచేసి ఇది చదవండి. నేను ఏ నర్సరీ యజమాని గురించి రాస్తున్నానో, ఆ నర్సరీ ఉన్న రోడ్డున ఒక్కసారి మొక్కలు కొన్నవారికి పేరు చెప్పనక్కరలేదు.

నేను అడిగింది పొగడ. ఏడాది పొడవునా పచ్చగా ఉండి, మన ఎండలకు తట్టుకుని, చిక్కటి నీడతో పాటు ఎండినా వాసన పోని పూలను ఇచ్చే చెట్టు అది. పెరుగుదల మాత్రం బహు నిదానం. అరవై రెండేళ్ల వయసులో ఆ నిదానాన్ని ఓర్చుకోలేక, మూడడుగుల మొక్క చాలునన్న నా భార్య మాట కాదని, పది అడుగుల చెట్లు రెండింటికి 9,000 రూపాయలు, ట్రాలీ ఆటోకు మరో 1,200 సమర్పించుకున్నాను. "రెండేళ్లుగా సంచిలోనే పెరిగాయి సార్, కదిపినట్టు కూడా వాటికి తెలియదు" అని ఆ నర్సరీ యజమాని హామీ ఇచ్చారు.

గోతి దగ్గర సంచి కోయగానే మట్టి అంతా పొడిపొడిగా రాలిపోయి, చేతిలో కాండం మాత్రమే మిగిలింది. తల్లివేరును జానెడు కూడా ఉంచకుండా నరికిన గాటు ఇంకా తెల్లగానే ఉంది. నీటిని పీల్చవలసిన పీచువేళ్లు వెతికినా కనిపించలేదు. ఎక్కడో నేలలో పెరిగిన చెట్లను అప్పటికప్పుడు పెకలించి సంచుల్లో కుక్కారన్నమాట. అంత కళ్లారా చూసి కూడా, ఫోనులో ఆయన "ఏమీ కాదు, నాటేయండి" అనగానే నాటేసిన నా తెలివిని ఏమనాలి?

పద్దెనిమిది రోజులకు ఆకులన్నీ కొమ్మల మీదే ఎండిపోయాయి. ఫోటోలు పంపి, సగం డబ్బయినా తిరిగి ఇవ్వమని మర్యాదగా అడిగితే ఆయన నవ్వి, "పెద్దాయనా, మనుషులకే గ్యారంటీ లేదు, చెట్టుకు నేనెక్కడ ఇస్తాను? నీళ్లు పోసింది మీరు కదా!" అన్నారు. కొన్న రోజున సార్‌ని. డబ్బు అడిగిన రోజున పెద్దాయనను. ఆ వెంటనే నా నంబరును బ్లాక్ చేశారు. మరునాడు మా అల్లుడు కొత్త గిరాకీలా ఫోను చేసి పొగడ ఉందా అని అడిగితే, "రెండేళ్లుగా సంచిలోనే పెరిగాయి సార్" అన్న పాఠాన్నే పొల్లు పోకుండా అప్పజెప్పారు.

కొనేముందు కాండం పట్టుకుని మెల్లగా కదపండి. మట్టిగడ్డ కదలకుండా కాండం ఒక్కటే ఊగితే తీసుకోకండి. సంచి అడుగు రంధ్రాల దగ్గర సన్నని వేళ్లు కనిపించాలి. అలాగని లావు వేళ్లు లోపల గుండ్రంగా చుట్టుకుపోయిన చెట్టూ వద్దు. బిల్లు అడిగి తీసుకోండి. నేను అది కూడా అడగలేదు.