పొద్దున్నే వస్తేనే ట్రయల్ ఇస్తానన్న మనిషి దగ్గర పాత హోండా సిటీ వీటెక్ కారు కొనకండి

నిన్న రాత్రి నెల్లూరు నుంచి ఒంగోలు చేరేసరికి పదకొండు దాటింది. అన్నం కూడా తినబుద్ధి కాలేదు. కోపంలో రెండుసార్లు రాసి చెరిపేశాను, ఇది మూడోసారి. పాత హోండా సిటీ వీటెక్ కోసం వెతికే మనవాళ్ళు సగం మంది ఆ మనిషి దగ్గరికే వెళ్తారు కాబట్టి రాయక తప్పడం లేదు. పేరు పెట్టను. నెల్లూరులో పాత హోండాలు రెడీ చేసి అమ్మేది ఎవరో మీలో చాలామందికి తెలుసు.

బండి 2002 మోడల్, 1.5 వీటెక్ (ఇంజిన్ వేగం పెరిగాక ఊపు పెంచే హోండా పద్ధతి), 106 హార్స్ పవర్. 2000లో ఈ వీటెక్ వచ్చినప్పుడు నేను ఒంగోలులో పాలిటెక్నిక్ చదువుతున్నాను. కర్నూలు రోడ్డులో ఒక డాక్టరు గారి బండి వెళ్తుంటే ఆగి మరీ ఆ చప్పుడు వినేవాళ్ళం. అప్పటి నుంచి ఉన్న కోరిక. మార్చిలో 2 లక్షల 10 వేలకు బేరం కుదిరింది. అందులో 60 వేలు మా నాన్న పొగాకు అమ్మిన డబ్బు. ఆయన అడగకుండానే ఇచ్చాడు. ఆ మాట ఎందుకు రాస్తున్నానో తర్వాత చెప్తాను.

ట్రయల్‌కి మధ్యాహ్నం వస్తానన్నాను. "వద్దు సార్, పొద్దున ఏడు గంటలకల్లా రండి, ట్రాఫిక్ ఉండదు, బండి పికప్ బాగా తెలుస్తుంది" అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. హైవే ఎక్కి పది కిలోమీటర్లు తోలాను. అయిదు వేల ఆర్‌పీఎం దాటాక ఇంజిన్ గొంతు మారుతుంది చూడండి, అది విన్నాక ఇంక నాకు ఏ అనుమానమూ రాలేదు. దిగి మళ్ళీ స్టార్ట్ చేస్తే ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. టైమింగ్ బెల్ట్ (ఇంజిన్ వాల్వులను సరైన సమయానికి తెరిచి మూయించే బెల్ట్), వాటర్ పంపు కొత్తవి వేశానని చెప్పి, ధరలో 9 వేలు వాటికే అన్నాడు. నమ్మాను. కవర్ విప్పి చూపించమని అడగలేదు. ఆ ఒక్క మాట అడిగి ఉంటే ఇదంతా అక్కడే ఆగిపోయేది, ఆ తప్పు పూర్తిగా నాదే.

ఏప్రిల్ చివర్లో అమ్మానాన్నలను తీసుకుని సింగరాయకొండ నరసింహస్వామి గుడికి వెళ్ళాం. బండి ఎండలో అరగంట ఉంది. తిరిగొచ్చి కీ తిప్పితే సెల్ఫ్ తిరుగుతోంది కానీ ఇంజిన్ అందుకోవడం లేదు. పదిసార్లు కొట్టాను. బ్యాటరీ డౌన్ అవుతుందేమోనని టెన్షన్. అమ్మ ఉపవాసం, అరుగు మీద కూర్చుంది. డోర్లన్నీ తీసి నిలబెట్టి గంట తర్వాత చూస్తే ఏమీ జరగనట్టు స్టార్టయింది. బండి అమ్మినాయనకు ఫోన్ చేస్తే "ఫ్యూయల్ పంపు వీకయ్యింది సార్, తీసుకురండి" అన్నాడు. పంపుకు 7,500. సాయంత్రం ఏడు తర్వాత వచ్చి తీసుకెళ్ళమన్నాడు.

పన్నెండు రోజులు బాగానే తిరిగింది. మళ్ళీ ఒంగోలులోనే, మధ్యాహ్నం మూడింటప్పుడు, బట్టల షాపు ముందు ఆగిపోయింది. ఈసారి డిస్ట్రిబ్యూటర్, అంటే ప్లగ్గులకు కరెంటు పంచేది, పోయిందన్నాడు. చెన్నై నుంచి సెకండ్‌హ్యాండ్ తెప్పించానని 11,000 తీసుకున్నాడు. మళ్ళీ డెలివరీ చీకటి పడ్డాకే. మూడోసారి టంగుటూరు టోల్ దగ్గర. ఫాస్టాగ్ పని చేయక పక్కకు తీసి పది నిమిషాలు ఇంజిన్ ఆపాను, అంతే. వెనక సీట్లో నా కూతురు, బయట రోహిణి కార్తె ఎండ, పక్కనుంచి లారీల హారన్లు. పాప ముఖం కందిపోయి ఏడుస్తుంటే నీళ్ళసీసా తల మీద ఒంపాను. అక్కణ్ణుంచి నెల్లూరుకి టోయింగ్ 5,000. అప్పుడు ఈసీఎం, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్ అన్నాడు, 16,000. పైన మొత్తం లేబర్ 3,500. పాత సామాన్లు ఇవ్వమంటే మూడుసార్లూ ఒకటే జవాబు, స్క్రాప్‌లో వేసేశాం అని. లెక్క వేస్తే 43 వేలు. బిల్లు ఒక్కటీ లేదు, చీటీ మీద అంకెలు మాత్రమే.

పోయిన వారం నాలుగోసారి ఆగింది. ఇంజిన్ దించి చూడాలన్నాడు. ఆ మాటకు నాకు కాళ్ళు వణికాయి. చెన్నైలో వర్క్‌షాపులో పనిచేసే మా బావమరిదికి ఫోన్ చేశాను. అతను ఒక్కటే అడిగాడు, "బావా, కీ ఆన్ చేయగానే వెనక నుంచి రెండు సెకన్లు జుయ్ మని చప్పుడు వస్తోందా?" విన్నాను. చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఆరిపోయింది, చప్పుడు మాత్రం లేదు. పంపుకు కరెంటు వెళ్ళడం లేదన్నమాట. "మెయిన్ రిలే చూడు బావా, ఆ కాలం హోండాలన్నిటికీ ఉండే జబ్బే" అన్నాడు.

విషయం ఇది, కాస్త ఓపిగ్గా చదవండి. డ్యాష్‌బోర్డు కింద అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఉంటుంది, అదే మెయిన్ రిలే. ఈసీఎంకి, ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లకి, ఫ్యూయల్ పంపుకి కరెంటు దాని గుండానే వెళ్ళాలి. ఇరవై ఏళ్ళు వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి లోపలి సర్క్యూట్ బోర్డు మీద టంకం చిట్లుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఆ చీలిక అతుక్కునే ఉంటుంది. ఎండలో అద్దాలు మూసి నిలబెడితే క్యాబిన్ కాలిపోతుంది, చీలిక విడిపోతుంది, బండి స్టార్ట్ కాదు. డోర్లు తీసి గాలి తగిలితే మళ్ళీ అతుక్కుంటుంది. సింగరాయకొండలో జరిగింది అదే. నేనేమో ఆ రోజు స్వామి దయ అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే చల్లటి బండి మీద ఆ రిలేని ఇంట్లో హెయిర్ డ్రయ్యర్‌తో అయిదు నిమిషాలు వేడి చేశాను. కీ తిప్పితే స్టార్ట్ కాలేదు. తడిగుడ్డతో చల్లార్చి తిప్పితే ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. మూడుసార్లు చేసి చూశాను, మూడుసార్లూ అంతే. 43 వేలు పోసి తెలుసుకోలేనిది అయిదు నిమిషాల్లో తేలింది.

రిలే విప్పుకుని, పాత టీవీలు, యాంప్లిఫయర్లు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన డబ్బా తెరవకముందే ఆగి, "దీన్ని ఇంతకుముందు ఎవరో తెరిచారు నాయనా" అన్నాడు. చూస్తే మూత అంచున స్క్రూడ్రైవర్ పెట్టి తన్నిన తెల్లటి గాట్లు. మూత ఊడకుండా నల్ల టేపు చుట్టి ఉంది, జిగట ఇంకా ఆరలేదు. లోపల బోర్డును భూతద్దం కింద పెట్టి నన్ను చూడమన్నాడు. నాలుగైదు పిన్నుల చుట్టూ వెంట్రుక లాంటి నల్లటి గీత గుండ్రంగా కనిపిస్తోంది. ఒక్క పిన్ను మీద మాత్రం కొత్త టంకం ముద్ద, మెరుస్తూ. ఎవరో ఒక్క పిన్నుకే అంటించి, మిగిలినవాటిని అట్లాగే వదిలేసి మూత పెట్టేశారు. పెద్దాయన పాత టంకమంతా పీల్చేసి పిన్నులన్నిటికీ కొత్తగా పెట్టాడు. 150 రూపాయలు తీసుకున్నాడు. ఆ తర్వాత మధ్యాహ్నం రెండింటికి అద్దాలు మూసి ఎండలో గంట నిలబెట్టి చూశాను, నాలుగు రోజులు వరసగా. ఒక్కసారి కూడా మొరాయించలేదు.

పని జరిగిపోయింది కదా, వదిలేయొచ్చు. కానీ ఆ మెరిసే టంకం ముద్ద నన్ను నిద్ర పోనివ్వలేదు. అది ఎవరు పెట్టారో తెలుసుకోవాలనిపించింది. నిన్న నెల్లూరు బయల్దేరుతుంటే నాన్న నేనూ వస్తానన్నాడు.

షెడ్డులో నలుగురైదుగురు కస్టమర్లు ఉన్నారు. నేను గొంతు పెంచలేదు. రిలేని బల్ల మీద పెట్టి, "అన్నా, పంపు, డిస్ట్రిబ్యూటర్, ఈసీఎం మూడూ మార్చావు. తప్పు ఇందులో ఉంది. నువ్వు మార్చిన పాత సామాన్లు చూపించు, లేకపోతే నా డబ్బు ఇవ్వు" అన్నాను. ఆయన దాని వైపు చూడనైనా చూడలేదు. "ఇది మేము ఎప్పుడూ ముట్టుకోలేదు సార్" అన్నాడు. పక్కన బానెట్ మీద వంగి ఉన్న కుర్రాడు, పదిహేడేళ్ళు ఉంటాయేమో, తల ఎత్తి చూసి పాపం మామూలుగా అనేశాడు: "అన్నా, ఆ డబ్బాకి మనమే కదా సాల్డరింగ్ పెట్టింది, బండి అమ్మే ముందు."

షెడ్డు మొత్తం నిశ్శబ్దం అయిపోయింది. కంప్రెసర్ చప్పుడు ఒక్కటే. ఆయన కుర్రాడి వైపు తిరిగి "నిన్నెవుడు అడిగినాడ్రా?" అని అరిచాడు. తర్వాత నా వైపు తిరిగాడు. తప్పయింది అంటాడేమో అనుకున్నాను. నిజంగా అంటాడనే అనుకున్నాను. "అమ్మేటోడు అన్నీ చెప్పి అమ్ముతాడా? కొనేటోడు చూసుకోవాల. అప్పుడు నడిచిందా లేదా?" అన్నాడు. అంటే మార్చిలోనే తెలుసు. ఎండలో ఆగుతుందని తెలుసు కాబట్టే పొద్దున ఏడింటికి రమ్మన్నాడు. తెలుసు కాబట్టే మూడుసార్లూ చీకటి పడ్డాక బండి అప్పజెప్పాడు. తెలిసి కూడా పంపు అన్నాడు, డిస్ట్రిబ్యూటర్ అన్నాడు, ఈసీఎం అన్నాడు. నా పసిబిడ్డ టోల్ గేటు దగ్గర ఎండలో ఏడుస్తున్నప్పుడు ఫోన్‌లో "అయ్యో సార్" అన్నది కూడా ఇదే నోరు.

నాన్న ముందుకొచ్చి నెమ్మదిగా "బాబూ, పొగాకు డబ్బయ్యా అది, న్యాయంగా మాట్లాడు" అన్నాడు. ఆ మనిషి మా నాన్నను కింది నుంచి పైకి చూసి, "ముసలాయన్ని తోడు తెచ్చుకోని పంచాయితీ పెడతన్నావా? అంత లేనోళ్ళకి స్పోర్ట్స్ బండి దేనికి, ఆటో ఎక్కి తిరగండి" అన్నాడు. అందరి ముందూ అన్నాడు. 68 ఏళ్ళ మనిషి, ఎండలో బ్యారన్ దగ్గర, అంటే పొగాకును వేడికి ఆరబెట్టే గది దగ్గర, ఆకు కాల్చి డబ్బు తెచ్చిన మనిషి, చెప్పులేసుకుని మాట్లాడకుండా బయటికి నడిచాడు. నేను ఆ రిలే జేబులో వేసుకుని ఆయన వెనకే వచ్చేశాను. కావలి దాటేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. నాన్నను నేను అక్కడికి తీసుకెళ్ళి ఉండకూడదు. డబ్బు పోతే పోయింది, ఆ మాట ఆయన చేత వినిపించింది మాత్రం నేనే.

ఇంకొకటి. ఇవాళ పొద్దున టైమింగ్ బెల్ట్ పై కవర్ విప్పించాను. ఆ బోల్టుల మీద ఏళ్ళ నాటి నూనె మడ్డి అట్లాగే ఉంది, స్పానర్ తగిలిన ఆనవాలే లేదు. బెల్ట్ వీపు అంతా పగుళ్ళు, వేలితో వంచితే లోపలి పోగులు కనిపిస్తున్నాయి. ఈ ఇంజిన్‌లో నడుస్తుండగా బెల్ట్ తెగితే పిస్టన్లు వచ్చి వాల్వులకు కొట్టుకుంటాయి, వాల్వులు వంగుతాయి, హెడ్ విప్పాల్సిందే. హైవే మీద వందలో వెళ్తుండగా తెగి ఉంటే? లోపల అమ్మానాన్నలు, పాప ఉన్నారు. 9 వేలు తీసుకుని ఆ బెల్ట్ మీద మమ్మల్ని మూడు నెలలు తిరగనిచ్చాడు. రిలే సంగతి క్షమించినా దీన్ని క్షమించలేను.

డబ్బు అన్నిసార్లూ ఫోన్‌లోనే పంపాను, ఆ స్క్రీన్‌షాట్లు ఉన్నాయి. వాయిస్ మెసేజ్‌లు ఉన్నాయి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తున్నాను. కట్టిన డబ్బు 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, రెండేళ్ళ లోపు వేయాలి. ఆయన దగ్గర ఇలాగే పోగొట్టుకున్నవాళ్ళు ఉంటే మీ కాగితాలు కూడా బయటికి తీయండి.

కొనేవాళ్ళకు: ట్రయల్ మధ్యాహ్నమే అడగండి. తోలాక అద్దాలు మూసి ఎండలో అరగంట ఆపి అప్పుడు స్టార్ట్ చేయండి. కీ ఆన్ చేయగానే ఆ రెండు సెకన్ల పంపు చప్పుడు వినండి. బెల్ట్ మార్చానంటే కవర్ విప్పించండి, కొద్ది బోల్టుల పని. డిస్ట్రిబ్యూటర్ కింద గేర్‌బాక్స్ మీద నూనె ఉందేమో చేత్తో తడిమి చూడండి, అక్కడి రబ్బరు రింగు గట్టిపడితే కారుతుంది, చిన్న ఖర్చే. సామాను మారిస్తే పాతది ఎదురుగా పెట్టించుకోండి. 15 ఏళ్ళు దాటిన బండి కాబట్టి ఆర్‌సీ రెన్యువల్ తేదీ కూడా చూసుకోండి.

నిన్న ఆ షెడ్డులో మెరూన్ రంగు వీటెక్ ఇంకొకటి పాలిష్ చేసి పెట్టి ఉంది. దాని ఫోటోలు రేపో ఎల్లుండో మీ ఫోన్లకు వస్తాయి. చూడడానికి వెళ్తే డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టండి. డబ్బాకు నల్ల టేపు తగిలితే అడ్వాన్స్ ఇవ్వకుండా వచ్చేయండి.